ఎన్నికా, ఉద్యమమా, నీటి సంఘమా? గోదావరి డెల్టాలో రాజకీయ కేస్ స్టడీకి అంశం ఎంచుకునేవారికి

పీజీ చివరి ఏడాది విద్యార్థులు, జిల్లా పేజీలకు వార్తలు రాసి రాసి ఇక కాస్త నిలిచేది రాద్దామనుకున్న విలేకరులు, ఉద్యోగ విరమణ చేశాక ఊరి సంగతులు రాయాలనిపించిన పెద్దలు ఏటా నా దగ్గరకు వచ్చి అడిగేది ఒకటే. స్థానిక రాజకీయాల మీద కేస్ స్టడీ చేయాలండి, ఏది తీసుకోమంటారు? ఏమైనా అనుకున్నారా అని అడిగితే చాలామంది చెప్పేదీ ఒకటే: "గోదావరి జిల్లాల్లో కుల రాజకీయాలు."

దాని మీద పది పుస్తకాలు రాయవచ్చు, ఒక కేస్ స్టడీ రాయలేం. కేస్ అంటే గట్లున్న చేను. ఒక ఊరు, ఒక నిర్ణయం, ఇన్ని నెలలు అని గీత గీయగలగాలి. ఎవరు అడిగారు, ఎవరు అడ్డుకున్నారు, ఎవరు సంతకం పెట్టారు, డబ్బు ఎటు పోయింది అని ఒక్కొక్కటిగా తేల్చగలగాలి. ఇలా చూస్తే డెల్టాలో మన ముందు నాలుగైదు రకాల చేలు ఉన్నాయి. అన్నింటినీ నేను దున్నలేదు కానీ కొన్నింటిలో కాళ్ళు దిగబడ్డాయి. ఆ అనుభవంతోనే ఈ పోలిక.

ఎన్నిక తీసుకుంటే

ఎన్నికలో ఉన్న సుఖం అంకెలు. అభ్యర్థుల అఫిడవిట్లు, పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు చూపే ఫారం 20, ఓటర్ల జాబితాలు ఇంట్లో కూర్చునే సంపాదించుకోవచ్చు. భీమవరాన్నే చూడండి. 2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్ చేతిలో పవన్ కల్యాణ్ 8,357 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మూడో స్థానంలో నిలిచిన తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకు 54 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. 2024లో పొత్తు కుదిరింది. అదే రామాంజనేయులు జనసేన గుర్తు మీద అదే భీమవరంలో గెలిచారు. ముక్కోణపు పోటీ ముఖాముఖిగా మారినప్పుడు ఏ వార్డులో ఓట్లు కలిశాయి, ఎక్కడ కలవలేదు? మంచి ప్రశ్న. రెండేళ్ళ ఫారం 20లు పక్కపక్కన పెట్టుకుంటే సగం పని అయినట్టే. పోలింగ్ కేంద్రాల హద్దులూ నంబర్లూ ఈ మధ్యలో మారి ఉంటాయి కాబట్టి ముందు వాటిని సరిపోల్చుకోవాలి. విసుగు పుట్టించే పని, కానీ తప్పదు.

కాలు జారేది మిగిలిన సగం దగ్గర. ఫారం 20లో కులం అనే గడి లేదు. ఫలానా పేటలో ఫలానావారు ఎక్కువ, ఆ కేంద్రంలో ఫలానా పార్టీకి మెజారిటీ వచ్చింది, కాబట్టి వారంతా ఆ పార్టీకే వేశారు అని రాసేస్తారు. వెయ్యి ఓట్ల కేంద్రంలో ఆరు వందలు ఒక పార్టీకి పడితే ఆ ఆరు వందలు ఎవరివో ఆ కాగితం చెప్పదు. భీమవరంలో జనసేన అధ్యక్షుడు ఓడిన ఆ 2019 ఎన్నికల్లోనే, వశిష్ఠ పాయ దాటితే రాజోలులో ఆ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్క సీటు దక్కింది. పైగా రాజోలు ఎస్సీ రిజర్వుడు స్థానం. కుల లెక్కతో సర్వం తేల్చేవారు ఈ రెండు ఫలితాలనూ ఒకే సూత్రంతో చెప్పాలి. అడిగితే చెప్పేస్తారు కూడా, నా భయమంతా అదే.

అసెంబ్లీ కన్నా పంచాయతీ ఎన్నిక చిన్నది, నిజానికి లోతైనది. 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేవు. ఓటు బ్యాలెట్ కాగితం మీద పడింది. ఏ పార్టీకి ఎన్ని పంచాయతీలు అన్న లెక్క ఎవరికి వారు చెప్పుకున్నదే తప్ప అధికారికం కాదు, అందుకని ఆ లెక్కల జోలికి పోకండి. ఆ ఎన్నికల్లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముందు రాత్రి ఒక ఊరి రామాలయం అరుగు మీద ఏం మాట్లాడుకున్నారన్నది ఒక కేస్ స్టడీకి సరిపోయే సంగతి. చిక్కేమిటంటే, గెలిచిన వారు గంటసేపు మాట్లాడతారు, విరమించుకున్న వారు ఇంట్లో లేరని చెప్పిస్తారు. విరమించుకున్న మనిషి మాట లేకుండా ఏకగ్రీవం గురించి రాస్తే అది అభినందన పత్రం అవుతుంది.

డెల్టాకు దూరంగా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి రాయాల్సినవారికి మాత్రం ఎన్నికే మేలు. కాగితం మీద అంత దూరం వెళ్ళగలిగేది అదొక్కటే.

ఉద్యమం తీసుకుంటే

ఇక్కడ అంకెలు తక్కువ, మనుషులు ఎక్కువ. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలపు వరి, వేయబోమని పంట విరామం ప్రకటించారు. క్రాప్ హాలిడే అన్న మాట తెలుగు పత్రికల్లో ఇంటిమాటగా మారింది అప్పుడే. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, ఏటా చేలను ముంచే మురుగు నీరు కలిసి తెచ్చిన నిర్ణయం అది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఒక ఉద్యమం మీద అధికారిక నివేదిక దొరకడం అరుదు. అందువల్ల డెల్టా ఉద్యమాల్లో దీనికి నా మార్కులు ఎక్కువ.

2016లో భీమవరం పక్కన తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన ఇంకో రకం. వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయన్న భయంతో ఊళ్ళు కదిలాయి, 144వ సెక్షన్ పెట్టారు. ఇందులో పర్యావరణం, పరిశ్రమ, పోలీసు, పార్టీలు అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండటమే కొత్తవారికి ప్రమాదం. పరిశ్రమ పక్షం, ప్రభుత్వ పక్షం, ఊరి పక్షం ఒక్కొక్కటీ ఒక్కో కట్ట కాగితాలు. ఒక్క సెమిస్టరులో మూడు కట్టలూ విప్పలేరు. ఒక్క కట్టతో రాస్తే అది కరపత్రం.

ఉద్యమాన్ని ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక. ఏళ్ళు గడిచాక వెళితే ఊళ్ళో అందరూ ఉద్యమకారులే. నాయకుడు చెప్పిన కథే నలుగురి నోటా వినిపిస్తుంది, ఉపమానాలతో సహా. అలాంటప్పుడు ఉద్యమంలో లేనివారిని వెతకాలి. పంట విరామం ప్రకటించినవారిలో ఎక్కువమంది సొంత భూమి ఉన్నవారు. ఆ సీజనులో కౌలుకు చేసే రైతు ఏం చేశాడు? ఊడ్పుల కూలి మీద బతికే ఆడవాళ్ళు ఆ రెండు నెలలు ఎక్కడ పని చూసుకున్నారు? 2011 మీద ఇప్పటికి వచ్చిన రాతలన్నీ ఒకవైపు పెట్టి ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్ళినా కొత్త కేస్ స్టడీ అవుతుంది.

హద్దులూ పేర్లూ

2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గం నరసాపురం పేరు మీద ఉన్నా పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరం అయింది. నరసాపురం అలిగింది, వీధికెక్కింది. ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలు, తుది ప్రకటన అంటూ కాలక్రమం ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి రాయడానికి సులువైన అంశం. జిల్లా కేంద్రం ఒక ఊరికి ఏమిస్తుంది, మరో ఊరికి ఏం పోతుంది అని కార్యాలయాలు, అద్దెలు, ప్రయాణ దూరాల లెక్కతో రాస్తే బాగుంటుంది.

కోనసీమ జిల్లా పేరు మార్పు, 2022 మే 24న అమలాపురంలో జరిగిన దహనాలు మాత్రం మొదటిసారి రాసేవారికి వద్దనే చెబుతాను. అంశం చిన్నదని కాదు. మీతో మాట్లాడిన మనిషికి మీ రాత వల్ల కీడు జరగవచ్చు, దాన్ని ఆపే అనుభవం మీకు ఇంకా రాలేదు.

నీటి సంఘం తీసుకుంటే

నా ఓటు దీనికే. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి డెల్టాలో అధికారం అంటే సగం నీరే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా నీరు విడిపోతుంది. ప్రధాన కాలువ నుంచి పిల్ల కాలువకూ, అక్కడి నుంచి బోదెకూ దిగేసరికి ప్రతి మలుపులోనూ ఒక తగువు ఉంటుంది. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. కింద నీటి వినియోగదారుల సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, గట్ల మరమ్మతు, నీటి పంపిణీ వీరి చూపులో జరగాలి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి, చాలాచోట్ల ఏకగ్రీవంగానే. టీవీ ఛానళ్ళు ఒక పూట చూపించి వదిలేశాయి. ఊళ్ళో పలుకుబడి ఎవరిదో తెలుసుకోవాలంటే ఎమ్మెల్యే ఎన్నిక కన్నా ఈ ఎన్నికే నిక్కచ్చిగా చెబుతుంది.

ఇందులో అసలైన ముడి సభ్యత్వం దగ్గరుంది. సంఘంలో సభ్యులు ఆయకట్టులో రికార్డుకెక్కిన భూమిదారులు. కౌలుదారుకు కూడా చట్టం తలుపు మూయలేదు, కానీ అతని పేరు రికార్డులో ఉండాలి. డెల్టాలో కౌలు ఎక్కువ భాగం నోటి మాట మీద నడుస్తుంది. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు తెచ్చింది. 2019 చట్టం దాని స్థానంలో పదకొండు నెలల ఒప్పందంతో సాగుదారు హక్కు పత్రం తెచ్చింది. అయితే దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న అనుమానం యజమానిది. అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వరేమోనన్న భయం కౌలుదారుది. చివరికి ఏమవుతుంది? హైదరాబాదులో స్థిరపడిన వ్యక్తికి నీటి సంఘంలో ఓటు ఉంటుంది. రాత్రి రెండు గంటలకు టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాసేవాడికి ఉండదు.

దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, గోదావరిలో నీరు తగ్గిన ఏడు వంతులవారీ విధానం పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు. ఒక ఫిబ్రవరిలో మధ్య డెల్టా శివారు ఊరికి వంతు రోజున వెళ్ళాను. కాగితం ప్రకారం ఉదయానికి నీరు అక్కడికి రావాలి. కాలువ నీరు వదిలే ఉద్యోగి లస్కరు, అతని సైకిలు కాలువ గట్టు మీద ఉంది, లస్కరు లేడు. కాలువలో నీరు ఉంది కానీ తూము గడపకు జానెడు కిందే ఆగిపోయింది. చేను బీటలు తీసి, వరి ఆకుల కొసలు ఎర్రబారుతున్నాయి. పై ఊళ్ళలో గట్టు కింద నుంచి పైపులు వేశారని ఒక రైతు, చెరువులకు తోడుతున్నారని ఇంకొకరు, పూడిక తీయకుండానే బిల్లు అయిందని మూడో ఆయన చెప్పారు. ముగ్గురూ మూడు పార్టీలు. మురుగు కాలువకు అడ్డుకట్ట వేసి ఆయిల్ ఇంజన్లతో నీరు ఎత్తిపోయడానికి అక్కడే చందాలు రాసుకుంటున్నారు. ఆ చందా పుస్తకం నేను చూసిన రాజకీయ పత్రాల్లో మేలైనది. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు, ఎవరి పేరు రాసి కొట్టేశారు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి.

అడ్డుకట్టకు ప్రభుత్వ బిల్లు కూడా అయిందా, అయితే ఎవరి పేరున అని అడిగితే మీ కేస్ స్టడీకి వెన్నెముక దొరికినట్టే. రాజకీయ శాస్త్రం చదివినవారు సాధారణంగా ఇక్కడికి రారు. నీరంటే ఇంజనీరింగ్ అనుకుంటారు.

దీనికీ లోపం ఉంది. సాంకేతిక పదాలు నేర్చుకోవాలి. అంచనాలు, జరిగిన పని కొలతలు రాసే కొలతల పుస్తకం, ఆయకట్టు నక్ష చదవడం రాకపోతే అధికారి ఏది చెబితే అదే రాసుకుని వస్తారు. మొదటి పదిహేను రోజులు దానికే పోతాయి. నెల రోజుల్లో ముగించాల్సినవారు దీన్ని ముట్టుకోవద్దు. వారికి ఒకే పంచాయతీలో ఒక ఆర్థిక సంవత్సరం నిధుల లెక్క సరిపోతుంది. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్నది నిబంధన. ఆ నిధులను కరెంటు బకాయిలకు సర్దుబాటు చేశారని సర్పంచులు వీధికెక్కిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక ఊరిలో ఎంత వచ్చింది, ఎంత సర్దారు, మిగిలినదానితో ఏ బజారులో పని జరిగింది? పన్నెండు పేజీల్లో తేలుతుంది.

యానాం అనే అవకాశం

రెండు ఊళ్ళు పోల్చి రాయాలనుకునేవారికి ప్రకృతి ఇచ్చిన ప్రయోగశాల యానాం. అదే గౌతమి, అదే తెలుగు, అవే పులస కబుర్లు. కానీ పాలన పుదుచ్చేరిది, శాసనసభలో ఒక సీటు. 2021లో ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత రంగస్వామిని ఇక్కడ ఒక స్వతంత్ర అభ్యర్థి ఓడించారు, ఆయన మరో స్థానం నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. పుదుచ్చేరిలో 1968 తరువాత స్థానిక ఎన్నికలు జరిగింది 2006లో. ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిశాక 2021లో ప్రయత్నం మొదలై ఆగిపోయింది. వంతెన దాటితే ఎదుర్లంక, అక్కడ సర్పంచి ఉన్నారు, వార్డు సభ్యులు ఉన్నారు. వీధిలైటు వెలగకపోతే యానాంలో మనిషి ఎవరి గుమ్మం తొక్కుతాడు, ఎదుర్లంకలో ఎవరి గుమ్మం తొక్కుతాడు? ఈ ఒక్క ప్రశ్నతో రెండు చోట్లా ఇరవై ఇళ్ళు తిరిగితే చాలు. ఆశ్చర్యం ఏమిటంటే, సర్పంచి ఉన్న ఊళ్ళోనూ జనం ఎమ్మెల్యే మనిషినే వెతకవచ్చు. అదే మీ ఫలితమైనా కంగారు పడకండి.

రెండు ఊళ్ళు అంటే రెట్టింపు పని కాదు, మూడింతలు. ఒక్కో ఊరి పని, ఆ పైన రెండింటినీ ఒకే కొలబద్దకు తేవడం. తోడు ఎవరూ లేకపోతే ఒక్క ఊరే తీసుకుని రెండు కాలాలు పోల్చండి.

కాగితాన్ని నమ్మాలా, మనిషినా

అంశం ఏదైనా ఈ ఎంపిక తప్పదు. ఒక లంక గ్రామ పంచాయతీలో తీర్మానాల పుస్తకం తిరగేశాను. ఏడాదికి నాలుగు గ్రామసభలు, ప్రతిదానికీ చక్కటి దస్తూరి, కింద సంతకాలు. నాలుగు సభలకూ అవే పేర్లు, అదే వరుస, అదే నీలం సిరా. మూడో సభ తేదీ 2022 జూలై మూడో వారంలో ఉంది. ఆ రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఆ ఊరి పంచాయతీ భవనం అరుగు మీద నీరు నిలిచి ఉంది, జనం ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. కాగితం మీద మాత్రం డెబ్బై మంది హాజరై వీధిలైట్ల గురించి చర్చించారు.

అలాగని మనుషులు చెప్పిందే నిజమని కాదు. మరో ఊళ్ళో సర్పంచి గారిని ఇంటర్వ్యూ చేయడానికి వెళితే ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళారు, భర్త వచ్చి కూర్చుని "మేము సర్పంచిగా ఉన్నప్పటి నుంచి" అని మొదలుపెట్టారు. గంట తరువాత ఆయనకు ఫోను వచ్చి బయటకు వెళితే ఆవిడ వచ్చి, మంచినీటి ట్యాంకు స్థలం విషయంలో ఆయన చెప్పినది తప్పని మూడు వాక్యాల్లో తేల్చేశారు. ఆ మూడు వాక్యాలే నా నోటుపుస్తకంలో పనికొచ్చాయి. ఇలాంటి చోట్ల ఒక్కసారి వెళ్ళి రావద్దు, రెండోసారి వెళ్ళండి, వీలైతే తోడుగా ఒక ఆడమనిషిని తీసుకువెళ్ళండి.

కాగితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే వేయాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ఆ తరువాత మొదటి అప్పీలు, అంటే మరో నెల. "నిధుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక పేజీ పట్టిక ఇస్తారు. ఫలానా పనికి ఫలానా ఏడాది అంచనా ప్రతి, కొలతల పుస్తకం నకలు, చెల్లింపు వోచరు అని విడివిడిగా రాయండి. రికార్డులను స్వయంగా చూసే హక్కు కూడా చట్టంలో ఉంది, అడిగేవారే తక్కువ.

పత్రికల విషయంలో ఒకటే సూత్రం: ఎదురెదురు మొగ్గు ఉన్న రెండు పత్రికల అదే రోజు జిల్లా పేజీలు పక్కన పెట్టుకోండి. రెండింటిలోనూ ఉన్నది జరిగి ఉంటుంది, ఒకదానిలోనే ఉన్నదాన్ని అడిగి తెలుసుకోవాలి. పాత పత్రికల కోసం రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి ఒక పూట కేటాయించండి. ఒక పూట అని వెళ్ళి మూడు రోజులు ఉండిపోయినవారు నాకు తెలుసు.

రాసేటప్పుడు

తేదీల వరుసలో రాయాలా, ప్రశ్న చుట్టూ రాయాలా అని అడుగుతారు. తేదీల వరుస మీ కోసం, ప్రశ్న పాఠకుడి కోసం. ముందు తేదీల పట్టిక గోడకు అంటించుకుని, రాసేటప్పుడు ప్రశ్నతో మొదలుపెట్టండి. గోదావరి పుట్టుక నాసిక్ దగ్గర అని మొదలయ్యే కేస్ స్టడీలు నేను చాలా చదివాను. నది ధవళేశ్వరం చేరేసరికి పేజీలు అయిపోతాయి.

ఊరి పేరు మార్చితే ఎవరూ గుర్తుపట్టరనుకోవద్దు. "వైనతేయ ఒడ్డున ఉన్న, మహిళా సర్పంచి గల, చేపల చెరువులు ఎక్కువున్న ఒక గ్రామం" అంటే ఆ మండలంలో అందరికీ తెలిసిపోతుంది. దాచాల్సింది మాట్లాడిన మనిషి ఎవరన్నది. పదవిలో ఉన్నవారు పదవి హోదాలో చేసిన పని దాచనక్కరలేదు.

నీటి సంఘమే తీసుకుంటానంటే మొదటి ప్రయాణం వేసవిలో కాలువలు కట్టేశాక పెట్టుకోండి. దాళ్వా కోతలు అయిపోయి ఉంటాయి, రైతులు అరుగుల మీద దొరుకుతారు, పూడికతీత బిల్లు అయిన చోట పూడిక ఉందో లేదో కాలువలోకి దిగి చూడవచ్చు. నీరు ఉన్నంతకాలం కనిపించని పైపులు కూడా అప్పుడే గట్టు కింద నుంచి నోళ్ళు తెరుచుకుని బయటపడతాయి. ఏ గట్టు దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని, అవి ఎవరి చేల వైపు తిరిగి ఉన్నాయో నక్షలో గుర్తు పెట్టుకోండి. ఆ తరువాత సంఘం అధ్యక్షుల వారి ఇంటికి వెళ్ళండి.